వ్యానులో పదకొండోవాడు

రాస్ తనూరా
13 జూన్ 2025, శుక్రవారం

బీబీకి అన్న సలాం.

బక్రీదు నాడు ఫోన్లో మాట్లాడుకున్నామంటే మాట్లాడుకున్నాం గానీ, అది మాట్లాడడం కాదు. నువ్వు అరుస్తావు, నేను అరుస్తా, మధ్యలో మా ఖయ్యూమ్ బావ వచ్చి "ఎవురు పోయినారు?" అంటాడు. అందుకే రాస్తాండా. ఇది నిదానంగా చదవాల్సిన సంగతి.

మా బేస్‌బాల్ టీము గురించి. నవ్వద్దు. మూడేండ్ల కిందట ఈ పక్క కంపెనీల్లో ఉండే ఫిలిప్పీనోళ్లు, అమెరికావోళ్లు కలిసి లీగు పెట్టినప్పుడు ఆరో టీము దొరకలే. మా క్యాంపులో క్రికెట్ ఆడేటోళ్లం చేతులెత్తినాం. టీషర్టులు మా కంపెనీ సేఫ్టీ వారోత్సవాల్లో మిగిలినవి ఇచ్చినారు. వాటి మీద ముందే సేఫ్టీ ఫస్ట్ అని అచ్చు కొట్టి ఉండాది, అదే టీము పేరు అయిపోయింది. క్రికెట్లో రెండు కొసలకు పరిగెత్తుతాం, ఇందులో నాలుగు మూలలు చుట్టుకోని మళ్లా బయల్దేరిన చోటికి రావల్ల. అంతే తేడా. ఇంగొకటి, కొట్టినాక బ్యాటు పారేసి పరిగెత్తల్ల. ముప్పై ఏండ్ల అలవాటు, మావోళ్ల చేతిలో నుంచి బ్యాటు జారదు. లీగులో ఇంగో టీము ధహ్రాన్ వోళ్లు మా ఆట చూడ్డానికే పిల్లల్ని తోలుకోని వస్తారు.

ఈ ఏడు ఆరు టీముల్లో ఐదో స్థానం. ఇప్పుడు ఎండలకు ఆట బంద్. అక్టోబరులో మళ్లా మొదలు. ఇదే మనుషుల్ని ఉంచుకునేదీ వదులుకునేదీ తేల్చుకునే కాలం. మామూలుగా మాకు ఆ బాధ లేదు, ఉండేదే పదకొండు మంది. కానీ కంపెనీ పెద్ద బస్సు తీసేసి ఈసారి పన్నెండు సీట్ల వ్యాను ఇస్తాదంట. డ్రైవరు బాషాకు ఒక సీటు. బ్యాట్లు, గ్లౌజులు, నీళ్ల డబ్బా ఉండే సంచికి ఒక సీటు. మిగిలేది పది. ఒకణ్ణి తీసెయ్యల్ల.

ఎవుర్ని తీసెయ్యల్లో నేను చెప్తే కొట్లాట. అందరూ నాతో కలిసి తింటాండారు. నువ్వు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. ఎవురి మొహమూ చూసిందానివి కాదు. మూడేండ్ల స్కోరు బుక్కు ఫోటోలు తీసి పంపుతాండా, లీగుకు ఇచ్చిన జాబితా కూడా. అందులో ఇకామా కార్డుల ప్రకారం అందరి పుట్టిన తేదీలు ఉన్నాయి. సెప్టెంబరు పదో తేదీ లోపల పేర్లు ఇయ్యల్ల. నువ్వు ఏ పేరు రాస్తే ఆ పేరు. నాయన మీద ఒట్టు.

అన్న
కాలేషా


రాబిగ్
21 జూన్ 2025

అన్నకు బీబీజాన్ సలాములు.

నీ మెయిలు మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, నవ్వొద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. రెండోసారి భయపడ్డాను. మూడోసారి పెన్సిలు వెతుక్కున్నాను.

పదిహేడేళ్లయింది అన్నా, ఎవరైనా నన్ను ఒక సగటు అడిగి. ప్రొద్దుటూరు కాలేజీలో నాలుగేళ్లు పాఠం చెప్పాను, ప్రామాణిక విచలనం అంటే ఏమిటో ఆరువందల మంది పిల్లలకు వివరించాను. వాళ్లలో ఒక్కరికైనా అర్థమైందా అన్న అనుమానం ఈనాటికీ పోలేదు. ఇక్కడికొచ్చాక నా లెక్కలన్నీ మీ బావ షిఫ్టులవే. నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు, నాలుగు సెలవులు. అందులో విచలనం లేదు. 

ఇక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు, నీ దగ్గర సముద్రంలోంచి లేస్తాడు. ఒకే దేశంలో ఉండి ఇద్దరం ఒకే సూర్యుడికి చెరో కొసన కాపలా కాస్తున్నామని అనిపిస్తుంది. ఇదంతా ఎందుకు రాశానో తెలియదు. జట్టు సంగతికి వస్తాను.

నాకు కొన్ని సందేహాలు. ఒకటి, స్కోరు బుక్కులో ‘బా.ప’ అని పద్నాలుగు చోట్ల ఉంది. బ్యాటు పట్టుకుని పరుగు అనేనా? రెండు, గత ఫిబ్రవరి ఆటలో ఒక పుట మీద పసుపు మరక, దాని కింద ఎవరి అంకెలున్నాయో కనబడడం లేదు. మూడు, ఎల్లన్న అనే ఆయన ప్రతి ఆటలోనూ బ్యాటు కొట్టేవాడి వెనకాలే కూర్చుని ఉన్నాడు. అలా రెండున్నర గంటలు గొంతు కూర్చోవడం మనిషికి సాధ్యమా?

లెక్క మొదలుపెట్టాను. ఒకసారి పూర్తయింది. తప్పేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అదే జవాబు వచ్చింది. అంటే జవాబు సరైనదని కాదు, ఒకే తప్పు రెండుసార్లు చేశానేమో. ఇంకోసారి చూసి రాస్తాను. తొందరపెట్టకు.

అన్నట్టు, లెక్కలో ఎవరి పేరు వచ్చినా నువ్వు నిజంగా పాటిస్తావా? ఊరికే అడుగుతున్నాను.

నీ చెల్లెలు
బీబీజాన్


రాస్ తనూరా
4 జూలై 2025

బీబీ,

తొందరపెట్టద్దంటివి, సరే. కానీ ధహ్రాన్ వోళ్లు తొందర పడతాండారు. వాళ్లకు లైట్లు ఉండే గ్రౌండు ఉండాది, కూర్చోడానికి నీడ ఉండాది. మా రామును పిలుస్తాండారు. రాము అంటే బంతి విసిరేటోడు, జగిత్యాల పక్క పిల్లోడు, ఇరవై ఆరేండ్లు. వాడు విసిరితే బంతి అగుపడదు, సప్పుడు మాత్రమే వినపడ్తాది. కారు పంపి తీసుకుపోతారంట, కొత్త గ్లౌజు ఇస్తారంట. మేము ఏమిస్తాం? సేఫ్టీ టీషర్టు.

నీ సందేహాలకు జవాబులు. ‘బా.ప’ అంటే నువ్వనుకున్నదే. పసుపు మరక ఎల్లన్నది, దాని కింద ఉండేది నా వరుస. మా రూములో వంట ఎల్లన్నదే, స్కోరు కూడా ఒక్కోసారి ఆయనే రాస్తాడు. ఇంగ ఆయన కూచోవడం సంగతి. ఆయన పని టైల్స్ పరచడం. పొద్దన కూచుంటే మధ్యాహ్నం లేచే మనిషి. మాకు ఆ చోటికి ఎవురూ దొరక్క తిరుగుతా ఉంటే, బాత్రూములో టైలు అతికిస్తా కూచున్న ఆయన్ని చూసి నేనే పట్టుకొచ్చినా. "కాలేషన్నా, కూసునుడే గదా, కూసుంట తీ" అన్నాడు. అదీ మా టీము ఎంపిక.

నువ్వు లెక్క కట్టేటప్పుడు నాది వదిలెయ్. కెప్టెన్‌కు లెక్కలుండవు. నేను మొదటి మూల కాడ నిలబడి బంతి అందుకుంటా. నా చేతులు ఎంత పొడుగో నీకు తెలుసు. పోయిన డిసెంబరులో ఒక క్యాచి పట్టినా చూడు, అమెరికావోడు టోపీ తీసినాడు. అది బుక్కులో చుక్క గుర్తుతో ఉండాది, చూసింటావు.

మీ వదిన బషీరున్నీసా పొద్దుటూరు నుంచి ఫోన్ చేసి "ఈ వయసులో ఆ ఆటలేంది" అంటాది. వయసుకు ఆటకు సంబంధమేంది చెప్పు?

కాలేషా


రాబిగ్
19 జూలై 2025

అన్నకు సలాములు.

చుక్క గుర్తు చూశాను. మంచి క్యాచి అయివుంటుంది.

లెక్క ఐదుసార్లు చేశాను. మీ బావ "ఏందే, మళ్లా ఎమ్మెస్సీ రాస్తాండావా?" అని నా వెనకాల నిలబడి చూసి, జవాబు చూసి, వెళ్లి టీ పెట్టుకున్నాడు. ఆయన తనకు తాను టీ పెట్టుకోవడం ఈ ఏడాదిలో ఇది రెండోసారి. అప్పుడు నమ్మకం కుదిరింది, లెక్క తప్పు కాదని.

ఇప్పుడు చెప్పడం ఎలాగన్నది నా బాధ. అంకెలు ఇక్కడ రాయను. రాస్తే మీ రూములో ఎవరైనా చూస్తారు, ఆయన మర్యాద పోతుంది. పేరు కూడా రాయలేను. పెద్దవాళ్ల పేరు పెట్టి ‘నువ్వొద్దు’ అనే పెంపకం కాదు మనది. నువ్వు పంపిన జాబితాలో వయసులో అందరికంటే పెద్దవాడెవరో చూడు. ఆయనే.

ఆయన చెడ్డ ఆటగాడని కాదు. జట్టుకు ఆయన చేసింది ఏ గడిలోనూ పట్టదు. ఆయన లేకపోతే మీరెవరూ ఒకచోట చేరేవారే కారు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ అంకెలు గడిలో పట్టినంతవరకే మాట్లాడతాయి. అవి ఒకే మాట చెబుతున్నాయి: ఇప్పుడు పక్కకు తప్పుకుంటే మర్యాదగా ఉంటుంది, మరో ఏడాది ఆగితే ధహ్రాన్ పిల్లలు నవ్వుతారు.

నీకు అర్థమైందనుకుంటాను. కష్టంగా ఉంటే ఒక వారం ఊరుకో. నాకు రాయకపోయినా ఫరవాలేదు. కోప్పడినా ఫరవాలేదు. అసలు నేను ఈ పని ఒప్పుకోవాల్సింది కాదేమో.

నీ చెల్లెలు
బీబీజాన్


రాస్ తనూరా
1 ఆగస్టు 2025

బీబీ,

శభాష్. నాకు ముందే తెలుసు. నేను చెప్పలేక నీ మీద పెట్టిన మాట నువ్వు చెప్పినావు. కోపమెందుకు వస్తాది? చదువు చదువే.

నిజమే, ఎల్లన్నకు వయసైపోయింది. యాభై దాటినాయి. నేను ఆయన మనసు నొయ్యకుండా పని పూర్తి చేసినా. పోయిన శుక్రవారం చికెన్ బిర్యానీ పెట్టించినా. (ఆయనే వండినాడు, ఇంగెవురు వండుతారు?) తినేసినాక అందరి ముందర లేచి, "మా ఎల్లన్న సేవలు మరువలేం" అని మాట్లాడి, స్టోరులో నుంచి సేఫ్టీ వారోత్సవాల గోడ గడియారం ఒకటి తెచ్చి చేతిలో పెట్టినా. ఆయన గడియారం తిప్పి చూసి, "ఎందుకే అన్నా, నేనేడికి వోతున్న?" అన్నాడు.

అప్పుడు చెప్పినా. మా చెల్లెలు ఎమ్మెస్సీ, లెక్క కట్టింది, అంకెలకు మన పర అనేది ఉండదు అని.

"మంచిది. సదువుకున్న చెల్లె చెప్పిందంటే మంచిదే" అన్నాడు. గడియారం గోడకు తగిలించినాడు. చేయి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి మా కోసం పొయ్యి ముట్టించలే.

బీబీ, ఎనిమిది రోజులుగా కుబూసు రొట్టెలు తిని, లబన్ మజ్జిగ తాగి బతుకుతాండాం. ఆయన మటుకు తన చాప మీద కూచోని సేమియా చేసుకోని తింటాడు. గడియారం టిక్కుటిక్కు మంటా ఉంటాది. రాము వచ్చి, "మా ఎల్లన్న మామ కూసోకపోతే నేను ఎవలికి ఇసరాలె? గోడకా?" అని తగులుకున్నాడు. ధహ్రాన్ పోతానంటాండాడు. ఎల్లన్న చోటు కోసం ముగ్గురిని కూచోబెట్టి చూసినా. ఒకడు పది నిమిషాలు, ఒకడు నాలుగు, మూడోవాణ్ణి ఇద్దరం పట్టుకోని లేపినాం.

నీ లెక్కలో కూచోవడం కలిపినావా, లేదా? కలిపే ఉంటావులే. నీ మీద నమ్మకం ఉండాది. కానీ ఆకలిగా ఉండాది.

కాలేషా


రాబిగ్
9 ఆగస్టు 2025

అన్నా,

ఈ ఉత్తరం ఆరో తారీఖునే రాశాను. మూడు రోజులు పంపలేదు. ఈ పూట మీ బావ డ్యూటీకి పోతూ, "పంపకపోతే నేనే ఫోన్ చేసి చెప్తా, నాకు మంచిగా చెప్పడం చేతకాదు" అన్నాడు. అందుకని పంపుతున్నాను.

నేను చెప్పింది ఎల్లన్న గురించి కాదు.

నువ్వు పంపిన జాబితాలో ఎల్లన్న వయసు నలభై ఒకటి. ఆయన ఇకామాలో పుట్టిన ఏడాది 1984. యాభై దాటాయని నీకు తెలుసు, నాకెలా తెలుస్తుంది? ఏ ఏజెంటు తన వీలు కోసం పదేళ్లు తగ్గించాడో ఆయన్నే అడుగు. ఆ జాబితాలో అందరికంటే పెద్దవాడు మూడో వరుసలో ఉన్నాడు. 1976. షేక్ కాలేషా.

నాకు తెలుసు, అది నీ అసలు వయసు కాదు. మనింట్లో అందరికీ తెలుసు. నాయన నిన్ను బడిలో వేయడానికి తీసుకుపోతే, సార్ తల మీదుగా చెయ్యి తిప్పి అవతలి చెవి అందుకోమన్నాడు. నాలుగేళ్ల పిల్లలకు అందదు. నీకు అందింది. ‘ఆరేళ్లు నిండినాయి’ అని రాసేశారు. నన్ను తీసుకుపోయినప్పుడు నాకు అందనే లేదు, రెండేళ్లు తిప్పి పంపారు. నీ చేతుల పొడుగు వల్ల నువ్వు కాగితం మీద రెండేళ్లు ముందే ముసలాడివయ్యావు, నా చేతుల పొట్టితనం వల్ల నేను బడికి ఆలస్యంగా వెళ్లాను. ఇది తలుచుకుంటే నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. ఈ వారం రాలేదు.

ఇప్పుడు అంకెలు రాస్తాను, రాయకపోవడం వల్లనే ఇంత జరిగింది. మూడేళ్లలో నువ్వు తొంభై నాలుగుసార్లు బ్యాటు పట్టావు. తొమ్మిదిసార్లు మొదటి మూల చేరావు. పద్నాలుగు ‘బా.ప’లలో పదకొండు నీవే. నువ్వు మొదటి మూల దగ్గర వదిలేసిన బంతులు ఇరవై మూడు. పట్టిన గొప్ప క్యాచి ఒకటి, చుక్క గుర్తుతో. ఎల్లన్న వదిలేసిన బంతులు మూడేళ్లలో ఐదు. అన్నా, ఆయన మీ జట్టులో అందరికంటే విలువైన మనిషి. వంట కలపకుండానే.

‘కెప్టెన్‌కు లెక్కలుండవు’ అన్నావు. నేనూ అలాగే అనుకుని నీ వరుస వదిలేసి చూశాను. నిన్ను వదిలేసి చూస్తే తీసేయాల్సిన మనిషి ఎవరూ కనబడలేదు. అదే జవాబు.

నీ పేరు రాయలేక వయసు చాటున దాక్కున్నాను. ఆ చాటున ఎల్లన్నకు దెబ్బ తగిలింది. ఆయనకు నా తరఫున చెప్పు, ఆయన మీద నా లెక్క అలా లేదని. నీకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

బీబీజాన్


రాస్ తనూరా
15 ఆగస్టు 2025

చెల్లెలికి, జాబు చేరింది.

కాలేషా


రాబిగ్
17 ఆగస్టు 2025

అన్నా,

నీ ఉత్తరంలో మూడు మాటలున్నాయి. రెండు రోజులుగా వాటినే చదువుతున్నాను.

‘బీబీ’ అని లేదు, ‘చెల్లెలికి’ అని ఉంది. సలాం లేదు. ‘అన్న’ అన్న మాట లేదు. ‘సరే’ అని కూడా లేదు. నమూనా ఇంత చిన్నదైతే దాన్నుంచి ఏ నిర్ణయానికీ రాకూడదని పిల్లలకు పాఠం చెప్పినదాన్నే. అయినా వచ్చాను. కోపం వచ్చిందన్న నిర్ణయానికి వచ్చాను. మధ్యాహ్నం కల్లా బాధ అన్న నిర్ణయానికి వచ్చాను. సాయంత్రం మీ బావ షిఫ్టు దిగి వచ్చి చూసి, "కోపమొచ్చినోడు కామా పెట్టడు" అన్నాడు. అప్పటి నుంచి ఆ కామాను చూస్తున్నాను.

నువ్వు మూడేళ్లు నిలబెట్టిన జట్టును నేను ఎన్నడూ చూడలేదు. ఎండలో ఒక్కరోజు నిలబడలేదు. ఏసీ గదిలో కూర్చుని గడులు నింపాను. ఒప్పుకోకు, ఆడు. నాయన మీద పెట్టిన ఒట్టు నేను తీసేస్తున్నాను. తీసేయడానికి నాకు హక్కుందా అని అడగకు, ఆయన నాక్కూడా నాయనే.

ఏమైనా రాయి. తిట్టు. కామా లేకుండా తిట్టు.

బీబీజాన్


రాస్ తనూరా
12 సెప్టెంబరు 2025

బీబీకి అన్న సలాం.

చూడు, సలాం పెట్టినా. అన్న అని కూడా రాసినా. ఇంగ ఊపిరి పీల్చుకో.

ఆ రోజు నీ జాబు చదివి ముందు జాబితా తీసినా. మూడో వరుస. షేక్ కాలేషా, 1976. నా పేరే గానీ ఆ మనిషి నేను కాదనిపించింది. తర్వాత స్కోరు బుక్కు తీసి నీ తొంభై నాలుగు నేనే లెక్కపెట్టినా. నాకు తొంభై మూడు వచ్చినాయి. సంతోషపడి మళ్లా లెక్కపెట్టినా, తొంభై నాలుగే. పసుపు మరక కింద ఒకటి ఉండాది. ఏం రాయల్లో తెలీక మూడు మాటలు రాసినా. కామా పెట్టిన సంగతి నాకే తెలీదు.

ఇంగ ఎల్లన్న. పోయి చాప పక్కన కూచున్నా. గొంతు కూచోడానికి ప్రయత్నం చేసి, రాక, మామూలుగానే కూచున్నా. "ఎల్లన్నా, మా చెల్లెలు తీసెయ్యమనింది నన్ను. నేను నిన్నని అనుకున్యా" అని చెప్పినా.

ఆయన సేమియా గిన్నె కింద పెట్టి, "నిన్నా?" అన్నాడు.

"నన్నే."

"కాయిదం మీద నువ్వు నాకన్న పెద్దోనివా?"

"ఎనిమిదేండ్లు."

ఆయన నవ్విన నవ్వుకు పక్క రూమువోళ్లు వచ్చి చూసినారు. "అరే రామూ, గీ కాలేషన్న నాకు పెద్దన్న అయితడట, వచ్చి దండం వెట్టురా!" అని పిలిచినాడు. ఇరవై రోజుల కోపం అట్ల పోయింది. అయినా వెంటనే ఒప్పుకోలే. వారం రోజులు నేను వంట చెయ్యల్లన్నాడు. చేసినా. మూడో రోజు రాము, "మామా, నీ కాల్మొక్కుత, పొయ్యి కాడికి రా" అంటే, నాలుగో రోజే శిక్ష ఎత్తేసినాడు. రాము ధహ్రాన్ పోవడం లేదు. ధహ్రాన్ లో లైట్లున్నాయి గానీ ఎల్లన్న లేడు కదా.

తొమ్మిదో తేదీ పేర్లు ఇచ్చేసినా. పది. నాది లేదు. రాసేటప్పుడు చేయి ఆగింది, అబద్ధం చెప్పను. ఒట్టు నువ్వు తీసేసినావు గానీ, నాయన తియ్యలే.

అయితే ఆ పక్క రోజు క్యాంపు ఆఫీసుకు పోయి ఒక మాట అడిగినా. బాషా మూడేండ్లుగా ప్రతి శుక్రవారం మమ్మల్ని దింపి బస్సులోనే నిద్రపోతాడు. ఇప్పటికీ ఆట ఏందో ఆయనకు తెలీదు, ఎవురు గెలిచినారో అడగడు. నాకు లైసెన్సు ఉండాది కదా, శుక్రవారాలు నేను నడుపుతా, ఆయనకు సెలవు ఇయ్యండి అన్నా. ఇచ్చినారు. బాషా నా చేతికి ముద్దు పెట్టినంత పని చేసినాడు. డ్రైవరు సీటు టీము జాబితాలోకి రాదు. నేను చూసుకున్యా.

నిన్న ఎల్లన్న బిర్యానీ చేసినాడు. తినేసినాక లేచి, "మా కాలేషన్న సేవలు మరువలేం" అని నా మాటే నాకు అప్పజెప్పి, గోడ మీది గడియారం తీసి నా చేతిలో పెట్టినాడు. సేఫ్టీ ఫస్ట్. అందరూ చప్పట్లు కొట్టినారు. నా గోడకు తగిలించుకుంటే నడవలే. బ్యాటరీ ఆయన రేడియోలో ఉండాది.

అన్న
కాలేషా


రాస్ తనూరా
11 అక్టోబరు 2025

బీబీ,

నిన్న మొదటి ఆట, ధహ్రాన్ వోళ్ల మీదనే. వ్యానులో అందరూ పట్టినారు. సంచి ముందు సీట్లో నా పక్కన కూచున్యాది, దానికి బెల్టు కూడా పెట్టినా.

నేను బయట కూచుందామనుకున్యా. ఎల్లన్న ఒప్పుకోలే. ఈ ఆటలో మూడో మూల బయట ఒక మనిషి నిలబడొచ్చు, పరిగెత్తేటోళ్లకు రావల్లో ఆగల్లో చేత్తో చెప్పడానికి. మూడేండ్లు ఆ చోటు ఖాళీ పెట్టినాం, మనిషి లేక. జాబితాలో పేరు అక్కర్లేదంట. పోయి నిలబడినా.

చివరి వరకు సమానం. రాము కొట్టినాడు, బంతి ఎటు పోయిందో వానికీ తెలీదు. రెండు మూలలు దాటి మూడో మూల కాడికి వస్తా నన్ను చూసినాడు. చేతిలో బ్యాటు అట్లనే ఉండాది, పారెయ్యలే. నేను రెండు చేతులూ ఎత్తి, భుజాల కాడ నుంచి తిప్పినా, గాలిమర మాదిరి. తర్వాత అమెరికావోడు చెప్పినాడు, అంత పొడుగు చేతులు గ్రౌండు అవతల నుంచి కూడా అగుపడినాయంట. వాడు ఆగలే. బయల్దేరిన మూలకు, ఈ ఆటలో దాన్నే ఇల్లంటారు, చేరినాడు. బ్యాటుతో పాటే.

గెలిచినాం బీబీ. ఎల్లన్న ‘బా.ప’ అని రాసి, కింద గీత గీసినాడు. ఇంగ నా వంతుకు వచ్చి పెన్ను ఆపినాడు. "అన్నా, నువ్వు చేతులూపింది ఏ గడిల రాయాలె?" అన్నాడు. వెదికితే బుక్కులో దానికి గడి లేదు. మీ చెల్లెను అడుగు అన్నాడు.

అడుగుతాండా.

అన్న
కాలేషా


రాబిగ్
11 అక్టోబరు 2025

అన్నకు, గడి గీసి పంపాను, అన్నిటికంటే వెడల్పుగా.

బీబీజాన్